వేర్వేరు లోహాల మధ్య గట్టి ఫ్రిక్షన్ వెల్డింగ్ జాయింట్‌ను రూపొందించడం: డ్రాయింగ్ నుంచి ఉత్పత్తి దాకా

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో ఫ్రిక్షన్ వెల్డింగ్ యంత్రం ఉన్న షాపుకు తరచూ ఒకే రకం డ్రాయింగ్ వస్తూ ఉంటుంది. ఒక వైపు అల్యూమినియం, మరో వైపు స్టెయిన్‌లెస్ స్టీలు, మధ్యలో ఒక సన్నని గీత, ఆ గీతకు బాణం గుర్తు పెట్టి రాసిన "ఫ్రిక్షన్ వెల్డ్" అనే రెండు మాటలు, అంతే. రెండు ముక్కలను అతికించడం పెద్ద పని కాదు. ఒకదాన్ని తిరిగే చక్‌లో, మరొకదాన్ని కదలని వైస్‌లో బిగించి, ఒత్తిడితో రుద్ది, తిరుగుడు ఆపి గట్టిగా నొక్కితే పది సెకన్లలోపే రెండూ ఒకటవుతాయి. ట్రయల్ రోజున కనిపించిన బలం ఆ జాయింట్ వేడిని, చలిని, కంపనాన్ని, సముద్రపు గాలిని చూసిన తర్వాత కూడా నిలిచేలా చేయడమే కష్టమైన పని, ఆ పనిలో చాలా భాగం యంత్రం దగ్గర కాక డ్రాయింగ్ బల్ల దగ్గరే జరుగుతుంది.

డ్రాయింగ్‌లో గీతలా కనిపించేది నిజానికి గీత కాదు, ఒక పొర. రెండు వేర్వేరు లోహాలు వేడిలో ఒకదానినొకటి తాకినప్పుడు వాటి పరమాణువులు అటూ ఇటూ చొరబడి, చాలా జంటల్లో గాజులా పెళుసైన మూడో పదార్థం పుడుతుంది. దాన్ని ఇంటర్‌మెటాలిక్ పొర అంటారు. అలాంటి జంటల్లో ఆ పొర అసలు ఏర్పడని చోట లోహాలు అతికి ఉండవు. అది మందమైన చోట జాయింట్ చిన్న దెబ్బకే పగులుతుంది. అందుచేత ముఖమంతటా ఎడతెగకుండా, అయితే ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకుండా ఆ పొరను ఉంచడమే మన లక్ష్యం. కింద చెప్పిన అడుగులన్నీ ఆ ఒక్క పనికే ఉపయోగపడతాయి.

మొదటి అడుగు: జాయింట్ ఏం మోయాలో రాసుకోవడం

లోహాల పేర్లు చూడకముందే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోవాలి. జాయింట్ మీద పడే భారం లాగేదా, మెలితిప్పేదా, వంచేదా, మారుతూ పోయేదా అన్నది మొదటిది. వాడుకలో అది చూసే అతి ఎక్కువ, అతి తక్కువ ఉష్ణోగ్రతలు రెండోది. దాని మీద నీళ్లు గానీ ఉప్పు గాలి గానీ చేరే అవకాశం ఉందా అన్నది మూడోది. నాలుగోది ఎక్కువ మంది మరిచిపోయేది: మన దగ్గర నుంచి వెళ్లిన తర్వాత ఆ ముక్క మీద ఇంకెవరైనా వెల్డింగ్, బ్రేజింగ్, హీట్ ట్రీట్‌మెంట్ లాంటి వేడి పని చేస్తారా? ఈ నాలుగో ప్రశ్న అడగకపోవడం వల్ల నేను ఒకసారి ఎంత నష్టపోయానో ఎనిమిదో అడుగులో చెబుతాను.

రెండో అడుగు: జంట కుదురుతుందో లేదో చూడడం

ప్రతి లోహపు జంటకూ ఒక స్వభావం ఉంటుంది, దాన్ని ఆ రెండు లోహాల ఫేజ్ డయాగ్రమ్, అంటే ఏ పాళ్లలో, ఏ వేడిలో ఏ పదార్థం ఏర్పడుతుందో తెలిపే పటం, చూపిస్తుంది. రాగి, నికెల్ ఏ పాళ్లలోనైనా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి ఆ జంటలో పెళుసు పొర భయమే లేదు. రాగి, ఇనుము ఒకదానిలో ఒకటి కొద్దిగానే కరుగుతాయి, కానీ వాటి మధ్య ఇంటర్‌మెటాలిక్ సమ్మేళనం పుట్టదు. కాబట్టి రాగి, స్టీలు జంటను ధైర్యంగా తీసుకోవచ్చు. మెత్తని రాగి ముందే మెత్తబడి పక్కకు జారిపోకుండా ఆపడమే అక్కడి ఇబ్బంది.

అల్యూమినియం, ఇనుము జంట అలాంటిది కాదు. ఇనుము అల్యూమినియంలో దాదాపు కరగదు, దానికి బదులు అల్యూమినియం పాలు ఎక్కువగా ఉన్న గట్టి, పెళుసు సమ్మేళనాలు ఏర్పడతాయి. వాటిలో రెండు ఇనుప పరమాణువులకు ఐదు అల్యూమినియం పరమాణువులు చేరిన సమ్మేళనం చాలా వేగంగా పెరుగుతుంది, జాయింట్లను విరగ్గొట్టేది ఎక్కువగా అదే. అల్యూమినియంలోని సిలికాన్ ఈ పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, మెగ్నీషియం మాత్రం కీడు చేస్తుంది. కాబట్టి మెగ్నీషియం కలిసిన 5000 శ్రేణి అల్యూమినియం మిశ్రలోహాన్ని నేరుగా స్టెయిన్‌లెస్‌కు అతికించాలని డ్రాయింగ్ అడిగితే, ఒప్పుకునే ముందు మూడో అడుగు చదవాలి.

అల్యూమినియం, రాగి జంటలో కనీసం మూడు రకాల సమ్మేళనాలు పుడతాయి, అంతకంటే ముఖ్యంగా ఆ రెండూ కలిసిన చోట 548 డిగ్రీల సెల్సియస్‌కే ద్రవం ఏర్పడగలదు. విడిగా అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల వద్ద, రాగి కరిగేది 1085 డిగ్రీల వద్ద అయినా, కలిసిన చోట వాటి సహనం అంతకంటే తక్కువ. కరెంటు పనిలో కేబుల్ చివర బిగించే అల్యూమినియం, రాగి బైమెటల్ లగ్గులను ఫ్రిక్షన్ వెల్డింగ్‌తో చేయడానికి కారణం ఇదే: మామూలు వెల్డింగ్‌లో లాగా లోహాన్ని కరిగించకుండా, ఘనస్థితిలోనే, కొద్ది సెకన్లలో పని ముగుస్తుంది.

టైటానియం, స్టీలు జంట అన్నిటికంటే మొండిది. ఇనుముతో టైటానియం కట్టే సమ్మేళనాలు పెళుసుగా ఉంటాయి, స్టీలులోని కార్బన్‌తో టైటానియం కార్బైడ్ కూడా చేరుతుంది. దీన్ని నేరుగా అతికించి లాగుడు పరీక్షలో మంచి అంకె చూపించవచ్చు, కానీ వంపు పరీక్షలో చాలాసార్లు వెంటనే విడిపోతుంది.

ఇక్కడే మరో విషయం చూసుకోవాలి. స్టీలు అన్న మాటతో ఆగకుండా గ్రేడు అడగాలి. లేత్ మీద చిప్ సులువుగా విరగడానికి గంధకం కలిపిన ఈఎన్1ఏ, 303 స్టెయిన్‌లెస్ లాంటి గ్రేడ్లు మన చుట్టుపక్కల టర్నింగ్ షాపులకు ఇష్టమైనవి. బార్ పొడవునా సాగి ఉన్న ఆ సల్ఫైడ్ తీగలు, ఫ్రిక్షన్ వెల్డింగ్‌లో లోహం బయటికి పారేటప్పుడు దానితో పాటే తిరిగి, జాయింట్ ముఖానికి సమాంతరంగా పడుకుంటాయి, అంటే చీలడానికి సిద్ధంగా ఒక తలం తయారవుతుంది. 303 అని ఉంటే 304ఎల్ పెట్టమని అడగాలి. సీసం కలిపిన ఇత్తడితో, గ్రాఫైట్ ఉన్న పోత ఇనుముతో కూడా ఇదే జాగ్రత్త అవసరం. పోత ఇనుములోని గ్రాఫైట్ కందెనలా పనిచేసి రాపిడి వేడినే పుట్టనివ్వదు.

మూడో అడుగు: మధ్యవర్తి లోహం కావాలా?

జంట కుదరనప్పుడు రెండింటితోనూ సఖ్యంగా ఉండే మూడో లోహాన్ని మధ్యలో పెట్టవచ్చు. మెగ్నీషియం ఉన్న అల్యూమినియం మిశ్రలోహాన్ని స్టెయిన్‌లెస్‌కు అతికించాల్సి వస్తే ముందుగా స్టెయిన్‌లెస్‌కు 1100 గ్రేడు శుద్ధ అల్యూమినియాన్ని అతికించి, దాన్ని కొద్ది మిల్లీమీటర్ల మందం మిగిలేలా ఫేసింగ్ చేసి (లేత్ మీద ముఖాన్ని చదునుగా కోసి), ఆ ముఖానికి మిశ్రలోహాన్ని అతికించవచ్చు. స్టీలు ముఖం మీద వెండి పూత వేయడం మరో దారి. వెండి, ఇనుము ఒకదానితో ఒకటి సమ్మేళనం కట్టవు, కాబట్టి అల్యూమినియం ఇనుమును చేరకుండా వెండి అడ్డుగా నిలుస్తుంది. టైటానియం వైపు నయోబియం, వెనేడియం మంచి మధ్యవర్తులు, ఎందుకంటే ఆ రెండూ వేడిలో టైటానియంతో పూర్తిగా కలిసిపోతాయి.

మధ్యవర్తిని పెడితే ఒక జాయింట్ బదులు రెండు జాయింట్లు వస్తాయి, ఖర్చూ పరీక్షలూ రెట్టింపవుతాయి. శుద్ధ అల్యూమినియం మెత్తని లోహం కాబట్టి ఆ పలక మందంగా ఉంటే మొత్తం జాయింట్ బలం దాని బలానికే దిగిపోతుంది. పలచగా ఉంచితే రెండు పక్కల ఉన్న గట్టి లోహాలు దాన్ని సాగనివ్వవు కాబట్టి అది తన సొంత బలం కంటే ఎక్కువే మోస్తుంది. నా మట్టుకు నేను, లోహాన్ని మార్చమని డిజైనర్‌ను ఒప్పించే అవకాశం ఉన్నంత వరకూ మధ్యవర్తి జోలికి పోను.

నాలుగో అడుగు: ఆకారం

రాపిడి వేడి వేగాన్ని బట్టి పుడుతుంది, తిరిగే ముఖంలో వేగం అంచు దగ్గర ఎక్కువ, సరిగ్గా మధ్యలో సున్నా. అందువల్ల లావు బార్‌లో అంచు ముందు వేడెక్కుతుంది, నడుమ ఆలస్యంగా అందుకుంటుంది. వేర్వేరు లోహాల విషయంలో ఈ తేడా ప్రమాదకరం, ఎందుకంటే నడుమ అతికే వరకూ ఆగితే అంచు దగ్గర పెళుసు పొర మందమవుతుంది, అంచును కాపాడుకుంటే నడుమ అతకదు. దీనికి రెండు ఉపాయాలున్నాయి. వీలైన చోట నిండు బార్ బదులు గొట్టం వాడితే నడుమ అన్నదే ఉండదు. నిండు బారే కావాలంటే గట్టి లోహపు ముఖాన్ని నడుమ కొద్దిగా ఎత్తుగా, అంచుకు వాలుగా తిప్పితే, నడుమ ముందు తాకి ముందు వేడెక్కుతుంది, అక్కడి మురికి కూడా బయటికి నెట్టుకుపోతుంది.

వేడిలో రెండు లోహాలు సమానంగా మెత్తబడవు. అల్యూమినియం, స్టీలు జంటలో పారేదంతా అల్యూమినియమే, స్టీలు ముఖం దాదాపు కదలదు. మెత్తని వైపు వ్యాసం కొంచెం ఎక్కువ పెడితే, లేదా దాని చుట్టూ ముఖం దాకా గట్టి స్టీలు డై పెట్టి పట్టుకుంటే, నొక్కినప్పుడు మెత్తని లోహం పక్కకు జారిపోకుండా ఒత్తిడి ముఖం మీదే పడుతుంది. మెత్తని ముక్క డై బయటికి ఎంత తక్కువ పొడుచుకొస్తే అంత మంచిది. వ్యాసానికి మించి బయట ఉంటే అది నొక్కుడులో వంగిపోతుంది.

బార్‌ను పలకకు అతికించే డిజైన్లలో పలక మీద అదే వ్యాసం గల చిన్న బాస్, అంటే గుండ్రని ఎత్తు, తిప్పించాలి. లేకపోతే పలక వేడినంతా లాగేసుకుని బార్ ఒక్కటే పారుతుంది. 6061 అల్యూమినియం వేడిని 304 స్టెయిన్‌లెస్ కంటే పది రెట్లు ఎక్కువ మోస్తుంది కాబట్టి, పలక అల్యూమినియం అయినప్పుడు ఈ బాస్ తప్పనిసరి.

ఉష్ణ వ్యాకోచం లెక్క మాత్రం ఎంత తొందరలోనైనా వదలకూడదు. ఒక డిగ్రీ వేడెక్కితే మీటరు పొడవున్న అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు, 304 స్టెయిన్‌లెస్, రాగి 17 చొప్పున, కార్బన్ స్టీలు 12, టైటానియం 8.6 మైక్రాన్లు పెరుగుతాయి. అల్యూమినియం, కార్బన్ స్టీలు జాయింట్ 100 డిగ్రీలు వేడెక్కితే తేడా మీటరుకు 1100 మైక్రాన్లు, అంటే 0.11 శాతం. స్టీలు కదలనివ్వదు అనుకుంటే అల్యూమినియంలో పుట్టే ఒత్తిడి ఒక దిశలోనే 0.0011ను 70,000 మెగాపాస్కల్‌తో గుణించినంత, అంటే సుమారు 77 మెగాపాస్కల్. ఎనీల్ చేసిన, అంటే వేడి చేసి మెత్తబరచిన, శుద్ధ అల్యూమినియం లొంగే ఒత్తిడి 30 మెగాపాస్కల్ ప్రాంతంలోనే ఉంటుంది. బయటి భారం ఏమీ పడకముందే జాయింట్ పక్కన లోహం లొంగిపోతోందన్న మాట. రోజుకు పదిసార్లు వేడెక్కి చల్లారే చోట ఇది అలసటగా మారి అంచు నుంచి పగులు మొదలవుతుంది. ఇలాంటి చోట వ్యాసం తగ్గించాలి, గొట్టం వాడాలి, లేదా కార్బన్ స్టీలు బదులు వ్యాకోచం దగ్గరగా ఉన్న 304ను ఎంచుకోవాలి.

పగులు అంచు నుంచే మొదలవడానికి ఇంకో కారణం ఉంది. సాగుడు గుణం వేర్వేరుగా ఉన్న రెండు లోహాలు కలిసే గీత ఉపరితలాన్ని తాకే చోట ఒత్తిడి గుమికూడుతుంది. వెల్డింగ్‌లో సరిగా అతకని భాగం కూడా సాధారణంగా ఆ అంచులోనే ఉంటుంది. అందుచేత జాబ్ తుది వ్యాసం కంటే కనీసం 3, 4 మిల్లీమీటర్లు ఎక్కువ వ్యాసంతో వెల్డ్ చేసి, ఫ్లాష్‌తో (నొక్కినప్పుడు బయటికి పారిన లోహంతో) పాటు ఆ అంచు మొత్తాన్ని లేత్ మీద తీసేయాలి. జాయింట్ గీత మీద గాడి గానీ, మెట్టు గానీ, ఓ-రింగ్ సీటు గానీ ఎప్పుడూ పెట్టకూడదు, వంగుడు ఎక్కువగా ఉండే చోట నుంచి గీతను వీలైనంత దూరం జరపాలి.

ఐదో అడుగు: ముఖాలు

ఒకే లోహాన్ని అతికించేటప్పుడు కోత రంపంతో కోసిన ముఖం కూడా చెల్లిపోతుంది, ఎందుకంటే రెండు వైపులా లోహం పారి మురికిని బయటికి తోసేస్తుంది. వేర్వేరు లోహాల్లో గట్టి వైపు పారదు కాబట్టి దాని మీద ఉన్న నూనె, తుప్పు, గీతలు అక్కడే జాయింట్‌లో చిక్కుకుంటాయి. కాబట్టి గట్టి లోహపు ముఖాన్ని సన్నని ఫీడ్‌తో, అక్షానికి సరిగ్గా లంబంగా ఫేసింగ్ చేయాలి, పార్టింగ్ చేసినప్పుడు (లేత్ మీద ముక్కను తెగ్గోసినప్పుడు) మధ్యలో మిగిలే చిన్న బొడిపెను తప్పకుండా తీసేయాలి. అల్యూమినియం వైపు చివరి కోత కూలెంట్ లేకుండా తీసి, రెండు ముఖాలనూ అసిటోన్‌తో తుడిచి, ఆ షిఫ్టులోనే వెల్డ్ చేయాలి. తుడిచాక ముఖాన్ని వేలితో తాకకూడదు. పీణ్యాలో జూన్, జూలై వానల్లో కార్బన్ స్టీలు ముఖం రాత్రికి రాత్రే మసకబారడం నేను చాలాసార్లు చూశాను. నిన్న ఫేసింగ్ చేసిన ముక్కలను ఈ రోజు మళ్లీ ఒక పలచని కోతకు పంపడం దండగ కాదు.

ఆరో అడుగు: యంత్రం అంకెలు

నేరుగా మోటారుతో తిప్పే యంత్రంలో పని వరస ఇలా సాగుతుంది: తక్కువ ఒత్తిడితో మొదటి తాకుడు, తర్వాత రాపిడి ఒత్తిడి, అనుకున్న సమయం గడిచిన వెంటనే గానీ, ముక్క అనుకున్నంత పొడవు తరిగిన వెంటనే గానీ బ్రేక్, ఆ వెంటనే అంతకంటే ఎక్కువైన ఫోర్జ్ ఒత్తిడి, అంటే చివరి గట్టి నొక్కుడు. ఇనర్షియా యంత్రంలో ఫ్లైవీల్‌లో, అంటే తిరిగే బరువైన చక్రంలో, దాచిన శక్తే రాపిడికి ఖర్చవుతుంది కాబట్టి అక్కడ సమయం బదులు మొదటి వేగాన్ని, ఫ్లైవీల్ బరువును ఎంచుకుంటాం. మిగిలిన వివరణ మొదటి రకానికే చెబుతాను, మన షాపుల్లో ఎక్కువగా ఉన్నది అదే.

ఉదాహరణకు 25 మిల్లీమీటర్ల 6061 బార్‌ను అదే వ్యాసం గల 304ఎల్ బార్‌కు అతికించాలనుకుందాం. నిమిషానికి 1200 చుట్లు తిప్పితే అంచు వేగం సెకనుకు సుమారు 1.57 మీటర్లు, మొదలు పెట్టడానికి ఇది తగిన వేగం. ముఖం వైశాల్యం 491 చదరపు మిల్లీమీటర్లు. రాపిడి ఒత్తిడి 60 మెగాపాస్కల్ అనుకుంటే కావలసిన బలం 29.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 3 టన్నులు. ఫోర్జ్ 150 మెగాపాస్కల్ అనుకుంటే 73.6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 7.5 టన్నులు. పది టన్నుల యంత్రం సరిపోతుంది.

ఇక్కడ చాలా షాపుల్లో జరిగే పొరపాటు ఒకటుంది. పుస్తకంలో కనిపించే మెగాపాస్కల్ ముఖం మీద పడే ఒత్తిడి. యంత్రం మీద గేజీ చూపించేది హైడ్రాలిక్ నూనె ఒత్తిడి. సిలిండర్ బోరు 125 మిల్లీమీటర్లు అయితే దాని వైశాల్యం 12,272 చదరపు మిల్లీమీటర్లు, అప్పుడు పై బలాలకు గేజీ మీద కనిపించాల్సింది సుమారు 24 బార్, 60 బార్ మాత్రమే (ఇక్కడ బార్ అంటే నూనె ఒత్తిడి కొలత). వేరే యంత్రం మీద పనిచేసిన గేజీ అంకెను ఇక్కడికి తెచ్చుకోవడం అర్థం లేని పని. పారామీటర్ షీట్‌లో ఎప్పుడూ టన్నులు, వైశాల్యం, గేజీ బార్ మూడూ రాయాలి.

రాపిడి సమయం అన్నిటికంటే సున్నితమైన అంకె. అది తక్కువైతే నడుమ అతకదు, ఎక్కువైతే పొర మందమవుతుంది. సమయం పెంచుతూ పోతే బలం మొదట పెరిగి, ఒక శిఖరం చేరి, తర్వాత పడిపోతుంది. మా దగ్గర పనిచేసే హిందూపురం కుర్రాడు కొత్తలో ప్రతిసారీ "అన్నా, ఇంకో రెండు సెకన్లు రుద్దుదాం, బాగా పడుతుంది" అనేవాడు. స్టీలుకు స్టీలు అతికించి అలవాటైన చేయి అలాగే అనుకుంటుంది, అక్కడ ఆ మాట చాలావరకు నిజం కూడా. అల్యూమినియం, స్టీలు జంటలో ఆ రెండు సెకన్లే జాయింట్‌ను చంపుతాయి. నియమం చెప్పాలంటే, వేడిని తక్కువ సమయం ఇచ్చి, ఫోర్జ్ బలంగా ఇవ్వాలి. బ్రేక్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. తిరుగుడు ఆగుతూ ఉండగా ఏర్పడుతున్న అతుకు చీలిపోవడం ఈ జంటల్లో మామూలు.

ఏడో అడుగు: ట్రయల్ ముక్కలు విరిచి, ముఖం చదవడం

వేగాన్ని, రాపిడి ఒత్తిడిని స్థిరంగా ఉంచి, రాపిడి సమయాన్ని 1 సెకను నుంచి అర సెకను చొప్పున పెంచుతూ ఒక్కో దగ్గర కనీసం మూడు ముక్కలు చేయాలి. బలం శిఖరం ఎక్కడుందో తెలిశాక, ఆ సమయం దగ్గర ఫోర్జ్ ఒత్తిడిని పెంచి, తగ్గించి చూడాలి. చివరికి శిఖరం మీద కాకుండా, శిఖరానికి ఇరువైపులా బలం పెద్దగా తగ్గని చదునైన భాగం నడుమ అంకెలను ఎంచుకోవాలి, ఎందుకంటే ఉత్పత్తిలో నూనె వేడెక్కుతుంది, బార్ గట్టిదనం లాటుకు లాటుకు మారుతుంది.

ముక్కను ఎలా విరవాలన్నదీ ఆలోచించాలి. మామూలు లాగుడు ముక్క జాయింట్ గీత మీద కాక అల్యూమినియం వైపు తెగితే అందరూ సంతోషిస్తారు, కానీ 6061 టీ6లో (హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరచిన 6061లో) జాయింట్ పక్కన లోహం వెల్డ్ వేడికి మెత్తబడి ఉంటుంది, అక్కడ తెగడం సహజం. అది పొర గురించి ఏమీ చెప్పదు. పొరను అడగాలంటే జాయింట్ గీత మీదే చుట్టూ ఒక సన్నని గాడి తిప్పి, అక్కడే తెగేలా చేసి, తెగిన ముఖాన్ని చూడాలి. వంపు పరీక్ష కూడా చేయాలి, లాగుడులో దాగే పెళుసుతనం వంపులో బయటపడుతుంది. నికరమైన మాట చెప్పాలంటే, డిజైన్ బలంగా రాసుకోవాల్సింది 6061 టీ6 కేటలాగు బలమైన 310 మెగాపాస్కల్ కాదు, మీ ట్రయల్‌లో మెత్తబడిన ఆ పట్టీ దగ్గర నిజంగా వచ్చిన బలమే.

తెగిన ముఖం చాలా చెబుతుంది, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి భూతద్దంతో చదవాలి. స్టీలు ముఖమంతా అల్యూమినియం బూడిద రంగులో, గరుకుగా, లాగి చింపినట్టు అంటుకుని ఉంటే మంచి జాయింట్. నడుమ గుండ్రంగా స్టీలు మెరుస్తూ, దాని మీద ఫేసింగ్ టూలు గీతలు ఇంకా కనిపిస్తుంటే అక్కడ అతకలేదని అర్థం: సమయం తక్కువైంది, లేదా ముఖం నడుమ గుంటగా ఉంది. అంచున ఉంగరంలా మెరిస్తే ఫోర్జ్ చాలలేదు, లేదా మెత్తని లోహాన్ని డై పట్టలేదు. ముఖమంతా చదునుగా, మసకగా, చిన్న చిన్న పెచ్చులు రాలినట్టు ఉంటే పొర మందమైంది, సమయం తగ్గించాలి. ఒక పక్కనే మెరుస్తుంటే ముఖం లంబంగా లేదు, లేదా చక్ రన్‌అవుట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగడం) ఎక్కువగా ఉంది, అంకెలు మార్చి ప్రయోజనం లేదు. ఈ చదువు వస్తే ట్రయల్స్ సగానికి తగ్గుతాయి.

ఆ తర్వాత ఒక మంచి ముక్కను పొడవునా కోసి, పాలిష్ చేసి, నడుమన, సగం వ్యాసార్ధంలో, అంచున పొర మందం సూక్ష్మదర్శినిలో కొలిపించాలి. ఒక మైక్రాను దగ్గరి పొరను మామూలు సూక్ష్మదర్శిని స్పష్టంగా చూపలేదు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. బెంగళూరులో తుమకూరు రోడ్డు మీద ఉన్న కేంద్ర తయారీ సాంకేతిక సంస్థ సీఎంటీఐ లాంటి చోట్ల, తిరుచిరాపల్లిలో బీహెచ్‌ఈఎల్ ఆధ్వర్యంలోని వెల్డింగ్ పరిశోధన సంస్థలో ఇలాంటి విషయాలు తెలిసినవారు ఉన్నారు. అల్ట్రాసోనిక్ పరీక్ష పెద్ద ఖాళీలను పట్టుకుంటుంది గానీ, తాకి మాత్రమే ఉండి అతకని భాగాన్ని చాలాసార్లు వదిలేస్తుంది. కాబట్టి దాని మీద మాత్రమే ఆధారపడి జాబ్‌ను పాస్ చేయడం నాకు సమ్మతం కాదు.

ఎనిమిదో అడుగు: వెల్డ్ తర్వాతి వేడి, వెల్డ్ తర్వాతి గాలి

పొర వెల్డింగ్‌తో ఆగదు. వేడి ఎప్పుడు తగిలినా మళ్లీ పెరుగుతుంది, దాని మందం సమయపు వర్గమూలాన్ని బట్టి, ఉష్ణోగ్రతను బట్టి అంతకంటే చాలా వేగంగా పెరుగుతుంది. 6061ను గట్టిపరచడానికి ముందుగా 530 డిగ్రీల ప్రాంతంలో చేసే సొల్యూషన్ ట్రీట్‌మెంట్‌ను స్టీలుతో అతికించాక చేస్తే జాయింట్ పోయినట్టే. ఆ తర్వాత 160, 170 డిగ్రీల్లో చేసే ఏజింగ్‌ను మాత్రం చాలా జాయింట్లు తట్టుకుంటాయి. అల్యూమినియం, రాగి లగ్గులు వాడుకలో వేడెక్కుతూనే ఉంటాయి కాబట్టి, వాడుక ఉష్ణోగ్రత కంటే ఎక్కువ వేడిలో కొన్ని వందల గంటలు ఉంచి, ముందూ తర్వాతా నిరోధాన్ని కొలిచి, వంచి చూడడం తప్పనిసరి.

నా నష్టం ఇక్కడిదే. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ గొట్టపు జాయింట్లు ఒక లాటు చేసి పంపాం. అన్నీ లీక్ పరీక్షలో, లాగుడు పరీక్షలో నిలిచాయి. కొన్న వారు అల్యూమినియం వైపు, మన జాయింట్‌కు వేలెడంత దూరంలో, మరో గొట్టాన్ని టిగ్ వెల్డింగ్‌తో, అంటే కరెంటు ఆర్క్ వేడితో లోహాన్ని కరిగించి, కలిపారు. నెల తిరగకుండానే జాయింట్లు కారడం మొదలైంది. వారిని తప్పుపట్టడానికి నాకు కారణం లేదు, డ్రాయింగ్‌లో ఎక్కడా ఆ హెచ్చరిక లేదు, నేను అడగలేదు. అప్పటి నుంచి జాయింట్‌కు రెండు వైపులా వెల్డింగ్ చేయకూడని దూరాన్ని డ్రాయింగ్ మీదే కొలతతో చూపిస్తున్నాను, అల్యూమినియం తోకను అంతకు తగ్గట్టు పొడుగ్గా ఉంచుతున్నాను, దగ్గరలో వెల్డ్ చేయక తప్పకపోతే జాయింట్ చుట్టూ రాగి బిగింపు పెట్టి వేడిని లాగాలని, జాయింట్ ఉష్ణోగ్రత మీద పరిమితి పెట్టి కొలవాలని రాస్తున్నాను.

హైస్పీడ్ స్టీలు డ్రిల్లుకు కార్బన్ స్టీలు షాంకు (చక్‌లో బిగించే తోక) అతికించడం లాంటి స్టీలు జంటల్లో సమస్య వేరు. అక్కడ వెల్డ్ చల్లారేటప్పుడు గట్టిపడి పగులుతుంది, కాబట్టి ముక్క ఇంకా ఎర్రగా ఉండగానే వేడి ఫర్నేస్‌లోకి పోవాలి, ఎనీల్ చేయాలి. ఫర్నేస్ యంత్రానికి రెండు అడుగుల దూరంలో లేని షాపు ఈ పని ఒప్పుకోకూడదు.

ఇక గాలి. బెంగళూరులో పరీక్షించి నిలిచిన ముక్క చెన్నైలో ఎన్నూరు ఒడ్డున అలాగే నిలుస్తుందని అనుకోకూడదు. అల్యూమినియం స్టెయిన్‌లెస్‌కు గానీ రాగికి గానీ తగిలి ఉప్పు తేమ చేరితే, తినబడేది అల్యూమినియమే, అదీ సరిగ్గా జాయింట్ గీత పక్కన. పెయింట్ వేస్తే అల్యూమినియం మీద మాత్రమే వేయడం పెద్ద తప్పు. ఆ పెయింట్‌లో చిన్న గీత పడితే మొత్తం స్టెయిన్‌లెస్ వైశాల్యం ఆ గీత మీదే దాడి చేస్తుంది. జాయింట్ గీతకు రెండు వైపులా, ముఖ్యంగా స్టెయిన్‌లెస్ లేదా రాగి వైపు ఎక్కువ దూరం పూత రావాలి. కేబుల్ లగ్గుల మీద హీట్ ష్రింక్ గొట్టం వేసి మూసేయడం ఇంకా మేలు.

తొమ్మిదో అడుగు: డ్రాయింగ్ మీద రాయాల్సినవి, లైన్‌లో చూడాల్సినవి

ఇప్పుడు మొదటి డ్రాయింగ్‌లోని ఆ రెండు మాటల బదులు ఏం రాయాలో తెలిసింది: రెండు లోహాల పూర్తి గ్రేడు, హీట్ ట్రీట్‌మెంట్ స్థితి, వెల్డ్ చేసే వ్యాసం, తుది వ్యాసం, ముఖం లంబత్వం, తరగాల్సిన పొడవు దాని టాలరెన్సుతో (ఒప్పుకునే తేడాతో), ఒప్పుకునే పరీక్షలు, వెల్డింగ్ నిషిద్ధ దూరం. విధానపత్రాన్ని, అర్హత పరీక్షలను ఫ్రిక్షన్ వెల్డింగ్ అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 15620 ప్రకారం రాసుకుంటే కొనేవారితో వాదన తగ్గుతుంది.

లైన్‌లో ప్రతి ముక్కకూ తరిగిన పొడవును, ఒత్తిడిని, సమయాన్ని యంత్రం నమోదు చేయాలి, పరిమితి దాటిన ముక్క తనంతట తానే ఎర్ర డబ్బాలో పడాలి. షిఫ్టు మొదట్లో, బార్ హీట్ నంబర్ (లోహాన్ని కరిగించిన విడత నంబరు) మారినప్పుడు, డై మార్చినప్పుడు ఒక ముక్కను గాడి తీసి విరవాలి. విరిచిన ముఖాలను తేదీ, లాటు నంబరు చీటీలతో సంచుల్లో కట్టి, ఆ లాటు వాడుకలో ఉన్నంత కాలం అలమారలో దాచాలి. నాలుగేళ్ల తర్వాత ఎక్కడో ఒక జాయింట్ విడిపోయిందని ఫోను వచ్చినప్పుడు, ముందుగా తెరవాల్సింది ఆ అలమారే.